వ్రబోవ్కాలో చిక్కుడు కొత్త

వ్రబోవ్కా,
21 సెప్టెంబరు 2025

అన్న భీమకు,

నీకూ, నీ ఇంటి చూరు కింద ఉన్న ప్రతి ప్రాణికీ తమ్ముడు సోయం జోగ, బి.ఏ., దండం పెట్టి చెప్పుకునే సంగతులు ఇవి.

నేను క్షేమంగా చేరాను. ఫోనులో గొంతు పంపితే సరిపోదా అని మన కోడలు మంగి అడుగుతుంది. సరిపోదు. కాగితం మీద పెట్టిన మాటకు పెట్టినవాడు బాధ్యుడు. అందుకని కాగితం మీద వ్రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. అమ్మా మంగీ, భేజ్జి రోడ్డు మీద సిగ్నలు దొరికే చోట దీన్ని అందుకో. ఇంటికి వెళ్ళాక మీ మామకు నెమ్మదిగా చదివి వినిపించు. ఆయన ఏమంటే అదే వ్రాయి. నా మీద జాలిపడి ఒక్క తిట్టు కూడా తగ్గించకు.

అన్నా, నేను బయలుదేరిన రోజు నీవు వెళ్ళమనలేదు, వద్దనలేదు. అందువల్ల ఎందుకు వచ్చానో ఇంకొకసారి అక్షరాలలో చెబుతున్నాను. గొడవల రోజుల్లో మనం ఊరు వదిలి ఎర్రబోరు శిబిరంలో ఉన్నప్పుడు మందుల గుడారంలో లూద్మిలా అనే తెల్ల నర్సమ్మ ఉండేది. మనవాళ్ళ మాటను ఆమెకు తెలియజెప్పే పని నాది. ఆమె నాకు కట్టు కట్టడం నేర్పింది. ముప్ఫై ఏళ్ళు దాటిన నన్ను చదువుకొమ్మని పోరింది. కోంటలో రాత్రిబడి, ఆపై బి.ఏ., ఇప్పుడు ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు ఉద్యోగం, వీటన్నిటికీ మొదలు ఆమె. ఆమె తన దేశం వెళ్ళిపోయే రోజున, ఎప్పుడు అవసరమైనా వస్తానని మాట ఇచ్చాను. ఇప్పుడు ఆమెకు డెబ్బై రెండేళ్ళు. రెండు కళ్ళకూ పొర కమ్మింది. భర్త కారెల్ పోయి ఆరేళ్ళయింది. ఒంటరిగా ఉంటుంది. ఈ నెల ఒక కంటికి, వచ్చే నెల రెండో కంటికి ఆపరేషను. టికెట్టుతో పాటు ఒకే వాక్యం పంపింది: "నీ మాట ఇంకా ఉందా?" ఉంది. వచ్చాను.

రైలు దిగేసరికి చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. నన్ను పోల్చుకోలేదు. దగ్గరికి వెళ్ళి పేరు చెప్పగానే రెండు చేతులూ పట్టుకుని గట్టిగా, "కడుపు నొప్పా? ఎన్ని రోజులు?" అంది. ఆమెకు మన మాటలలో గుర్తున్నవి గుడారంలో అడిగిన ప్రశ్నలే. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తుండగానే "నాలుక చూపించు" అని కూడా అంది. నేను కోటు గుండీలు సరిచేసుకుని, "బాగున్నాను, సిస్టర్" అన్నాను. మిగతాదంతా మేము కొంత హిందీలో, కొంత ఇంగ్లీషులో నడుపుకుంటున్నాం.

ఊరు చిన్నది. మధ్యలో రాళ్ళు పరచిన చౌకు, ఒక గడియారం గోపురం, చుట్టూ కొండలు, కొండల మీద నల్లటి అడవి. తెల్లవారేసరికి ముసలీ ముతకా బుట్ట, చిన్న కత్తి పట్టుకుని పుట్టగొడుగులకు పోతారు. ఎవరి చోటు వాళ్ళు పక్కవాడికి చెప్పరు. మనవాళ్ళే అనిపించింది. గడపలో చెప్పులు విడిచి లోపలికి వస్తారు. ఆ సంగతి ప్రత్యేకంగా నీకోసం వ్రాస్తున్నాను, ఎందుకంటే "చెప్పులతో వంటింట్లోకి పోయేటోళ్ళు" అని నీవు అన్నది నేను మరచిపోలేదు.

మొదటి రోజు ఎండు చిక్కుడు గింజల చారు పెట్టింది. ఆకలి మీద రెండు గిన్నెలు త్రాగాను. ఆమె సంతోషించింది.

మాట తప్పని నీ తమ్ముడు,
జోగ

*

మద్దిగూడెం,
26 సెప్టెంబరు

జోగా,

చెప్పేది నేను, రాసేది మంగి. నీ దండం ముట్టింది, నీ బి.ఏ. నువ్వే ఉంచుకో.

చెప్పులు విడుస్తరు, మంచిగుంది. పుట్టగొడుగులు ఏరుతరు, మంచిగుంది. ఆ నర్సమ్మను నేను మరువలె. నా కాలులో తూటా ముక్క దీసింది ఆమెనే. ఏడ్వకుమని నా నెత్తి మీద ఒక్కటేసింది గూడ.

ఇగ మన దిక్కు మాట విను. ఈ ఏడు మన ఊళ్ళె వడ్ల కొత్త చేస్తున్నం. శిబిరంల కాదు, రోడ్డు పక్కన కాదు, మన ఊళ్ళె. పంతొమ్మిదేండ్లయింది ఈ మట్టిల మనోళ్ళు కొత్త తినక. తిరిగొచ్చిన ఇండ్లు ఇరవై రెండయినయి. దీపావళి అయినంక చేద్దమని పెద్దలందరం అనుకున్నం. నాయన కూసున్న కాడ నేను కూసుంట, నా పక్కన నీ ఆకు పరుస్తరు. నేను అనుకున్నది గంతే.

కానీ చిక్కుడు తిన్నన్నవు. మన చిక్కుడు కొత్త గూడ ఇంకా గాలె. పూజారి ఇంట్ల పుట్టినోనివి, నీకు నేను చెప్పాల్నా? పెద్దలకు పెట్టి కొత్త చెయ్యకముందు కొత్త పంట తిన్నోడు ఆకు కాడ కూసోడు. నువ్వు తిన్నయి ఏ ఏటివి? అడిగి రాయి.

భీమ

(చినమామా, మంగిని. ఉత్తరం చదువుతుంటే "రెండు గిన్నెలా!" అని మామ మూడుసార్లు అడిగిండు. మూడుసార్లూ రెండే అని చెప్పిన.)

*

వ్రబోవ్కా,
30 సెప్టెంబరు

అన్నా,

నీ ఉత్తరం చదివి, కొత్త సంగతి దగ్గర ఆగి, బయటకు వెళ్ళి కాసేపు నడిచి వచ్చాను. ఆ విషయం ఇంతకంటే వ్రాయను.

నీవు అడిగిన ప్రశ్నకు జవాబు: నేను తిన్నవి ఈ ఏటివే.

ఎలా పొరబడ్డానో వివరిస్తాను. మన ఇంట్లో చిక్కుడు కొత్త అయ్యాక పచ్చివి వండుతాం, మిగిలినవి ఎండబెట్టి ఎండాకాలానికి దాస్తాం. ఎండు గింజ అంటే నిరుటి గింజ. చిన్నప్పటి నుంచి అదే చూశాను. కుండలో ఎండు గింజలు కనబడగానే పాతవని నమ్మి తిన్నాను. వీళ్ళు కాయను తీగ మీదనే ఎండనిస్తారు. నీ ఉత్తరం అందాక అడిగితే లూద్మిలా నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. తీగలు ఇంకా కర్రల మీదే ఉన్నాయి. "ఇవే! నేనే ఒలిచాను, చేతితో తడిమి" అని గర్వంగా చూపింది.

ఆ సాయంత్రం మళ్ళీ అదే చారు బల్ల మీదికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను, ఇది తినలేను అన్నాను. కారణం చెప్పబోతే ఆమె వినలేదు. "చూపు లేనిదాని వంటలో పురుగులుంటాయని భయమా? శిబిరంలో నీ చేతి నీళ్ళు నేను కాచకుండా త్రాగాను" అంది. కుండ కడిగి బోర్లించింది. రెండు రోజులుగా నాకు రొట్టె, వెన్న పెడుతోంది, మాట మాత్రం పెట్టడం లేదు. మొదటి కంటి ఆపరేషను ఇరవై ఐదున బాగానే జరిగింది. రోజుకు నాలుగుసార్లు చుక్కలు నేనే వేస్తున్నాను. తల వెనక్కి వాల్చి కన్ను తెరుస్తుంది, నోరు మాత్రం తెరవదు.

ఇక నా వాదన. మన కొత్త మన మట్టికి సంబంధించినది. ఈ గింజ మన మట్టిలో పుట్టలేదు, మన వాన త్రాగలేదు. పైగా ఇది మన చిక్కుడు జాతి కూడా కాదు, బీన్స్. కాబట్టి నియమం నాకు వర్తించదని నా అభిప్రాయం. ఆలోచించి జవాబు ఇవ్వగలవు.

జోగ

*

మద్దిగూడెం,
4 అక్టోబరు

జోగా,

తీగకు కాస్తదా? కాయ చీలిస్తె గింజ ఉంటదా? గట్లయితే చిక్కుడే. నీ కాలేజి దానికి ఏ పేరు పెట్టినా నాకు పట్టది.

మన మట్టి, వాళ్ళ మట్టి అన్నవు. మట్టి ఏడ తెగింది, జూసినవా? విమానంల కిటికీ కాడ కూసున్నవు గద, ఏడనన్న గీత గనబడ్డదా? నువ్వు దాటింది నీళ్ళు. నీళ్ళ కింద ఏముంది? మట్టే.

ఊరి పెద్ద బండి పటేల్‌కు ఈ సంగతి తెల్సింది. నేను చెప్పలె. మంగి రోడ్డు మీద నిలబడి ఉత్తరం చదువుకుంటుంటె వాడు వెనకనించి విన్నడు. పెద్దలను కూసోబెట్టిండు. రెండు కోళ్ళు దండుగ కట్టాలె అంటుండు. ఒకటి కొత్త గాకముందు తిన్నందుకు. రెండోది పరాయోళ్ళ పొయ్యి మీది కూడు తిన్నందుకు. రెండూ ఇచ్చి, పెద్దల ముందు "తప్పయింది" అంటె నీ ఆకు నీకే. లేకుంటె లేదు.

నేను అడిగేది వేరే. ఆ నర్సమ్మ తన పెద్దలకు పెట్టి తిన్నదా, పెట్టకుండ తిన్నదా? ఆ మట్టి ఎవరిదో వాళ్ళను అడగాలె గద ముందు. వాళ్ళు ఏడున్నరు? అది కనుక్కో. ఆమె కోపం గూడ అక్కడనే దిగుతది.

భీమ

(చినమామా, బండి మామ ఎనకనించి విన్నది నిజమే. నేను గట్టిగ చదివిన, తప్పు నాదే. రెండు గిన్నెలన్నది గూడ విన్నడు.)

*

వ్రబోవ్కా,
9 అక్టోబరు

అన్నా,

నీవు చెప్పినట్టు అడిగాను. "నీ పెద్దలకు పెట్టి తిన్నావా?" అని. ఆమె మొదట అర్థం చేసుకోలేదు. అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని మొత్తం చెప్పాను: కొత్త అంటే ఏమిటి, కొత్త కాకముందు నేను చేసిన పొరపాటు ఏమిటి, నా ఆకు ఎందుకు ఆగిపోయింది. గంట పట్టింది. ఆమె ఒక కన్నుతో నన్ను చూస్తూ వింది.

చివరికి, "అంటే నా వంట మురికిదని కాదా?" అంది.

"కాదు, సిస్టర్."

"గాడిదా! ఇన్ని రోజులు ఉత్త రొట్టె తిన్నావు, నోరు లేదా?"

"చెప్పబోయాను. మీరు కుండ కడుగుతున్నారు."

ఆమె నవ్వింది. తరువాత, తన పెద్దలు కొండ మీది శ్మశానంలో ఉన్నారనీ, కారెల్ కూడా అక్కడే ఉన్నాడనీ, చూపు తగ్గినప్పటి నుంచి రెండేళ్ళుగా ఆ కొండ ఎక్కలేదనీ చెప్పింది. మరునాడు పొద్దున్నే కర్ర తీసుకుని, ఒక గిన్నెలో గుప్పెడు చిక్కుడు గింజలు పోసుకుని, పద అంది.

నేను ఆమె మోచేయి పట్టుకుని ఎక్కించాను. అక్కడ ప్రతి మనిషికీ నునుపు రాయి, పేరు, పూల కుండీ. లూద్మిలా కారెల్ రాతి మీది పేరును వేళ్ళతో తడిమి, పూలు పెట్టి, గాజు బుడ్డిలో దీపం వెలిగించి, గింజలు పోసింది. పొరుగింటి యర్మిలా పక్క రాతి దగ్గర పూలకు నీళ్ళు పోస్తూ ఉంది. వాళ్ళ మాటలు లూద్మిలా తరువాత నాకు తిప్పి చెప్పింది.

"ఏమిటి లూద్మిలా, పిట్టలకా?"

"కారెల్‌కి."

"కారెల్ చిక్కుళ్ళు ముట్టేవాడు కాదుగా!"

"ఇప్పుడు ముడతాడు. వద్దనడానికి నోరు లేదు."

"ఈ వయసులో ఇవేం పనులు? ఫాదర్ వింటే ఏమంటారు?"

"నువ్వే చెప్పు. ఆయనకూ రెండు గింజలు పంపుతానని కూడా చెప్పు."

యర్మిలా క్యాను అక్కడే వదిలేసి దిగిపోయింది. గడ్డి కోసే ఆయన మా ఇద్దరికీ ఫొటో తీశాడు, జతపరిచాను. ఇంటికి వచ్చి ఆమె చారు కాచింది. ఆమె పెద్దలకు పెట్టడం అయింది కనుక ఇద్దరం తిన్నాం.

దండుగ సంగతి. మొదటి కోడి ఇస్తాను. చూసుకోకుండా తిన్నది నా అజాగ్రత్త. మంచి పుంజునే ఇస్తాను. పెద్దల ముందు ఆ ఒక్కదానికి తప్పయిందని అంటాను. రెండవ కోడి ఇవ్వను. లూద్మిలా పొయ్యి పరాయి పొయ్యి కాదు. బండి కూతురు శిబిరంలో కాన్పు కష్టమై పడి ఉన్నప్పుడు ఈమె చేతిలోంచే గంజి త్రాగింది. ఆనాడు పరాయి చేయి కానిది ఈనాడు ఎలా అయింది? రెండవ కోడి ఇస్తే ఆ గంజిని తప్పు అన్నట్టే. నేను అనను.

జోగ

*

మద్దిగూడెం,
13 అక్టోబరు

చినమామా,

ముందు నేను రెండు మాటలు రాస్త, తర్వాత మామ చెప్పినవి.

నీ ఫొటో ఊరంత తిరిగింది. నల్ల కోటు, పూలు, దీపం, పక్కన నర్సమ్మ. నువ్వు ఆమెను లగ్గం చేసుకున్నవని అంటున్నరు. ఎర్రబోరులో మీ ఇంటికాడ ఇర్మె చినత్తకు గూడ ఎవరో చూపించిన్రు. ఆమె పడి పడి నవ్వి, "చేసుకోనీ. ఆ కోటుకు దినాం ఇస్త్రీ చేసే బాధ నాకు తప్పుతది" అన్నది. అది పెళ్ళి గాదు, బొందల గడ్డ అని నేను అందరికీ చెప్తున్న. "బొందల గడ్డ కాడ పూజ చేసిండా?" అని ఇంకోటి ఎత్తుకున్నరు.

ఇగ మామ చెప్పేది:

జోగా, పెద్దలకు పెట్టాల్సింది ఎవరు? ఆమె. వాళ్ళు ఆమె పెద్దలు. నువ్వు కోటేసుకుని రాయి ముందర ఎందుకు నిలబడ్డవు? నాకు తెల్వకుండ పూజారివి ఎప్పుడయినవు? నాయన నా చేతికిచ్చిన పని అది. నీకు చదువిచ్చిన్రు, ఉద్యోగమిచ్చిన్రు, విమానమిచ్చిన్రు. ఇది గూడ కావాల్నా?

రెండో కోడి మాట బండికి చెప్పిన. వాడు లేచి నిలబడి, "దండుగల సగం ఎంచుకుంటడా? గట్లయితే వాని కోసం ఆగం" అన్నడు. కొత్తకు దినం పెట్టిండు: దీపావళి తర్వాత వచ్చే బుధవారం, ఇరవై రెండు. నువ్వు వచ్చేది ఎప్పుడు? నాకు నెలాఖరు అని గుర్తు. అంతకుముందే రా. రెండు కోళ్ళు పట్టుకుని రా. పంతొమ్మిదేండ్లకు అవుతున్న కొత్త ఇది. ఇది తప్పితె నీ పేరు ఈ ఊళ్ళె ఎట్ల నిలబడుతదో నాకు తెల్వది.

భీమ

*

వ్రబోవ్కా,
16 అక్టోబరు

అన్నా,

నేను పూజ చేయలేదు. గింజలు పోసింది ఆమె. నేను గొడుగు పట్టుకుని వెనుక నిలబడ్డాను, ఎందుకంటే అప్పుడే చినుకులు మొదలయ్యాయి, ఆమె కంట్లో నీరు పడకూడదు. ఫొటోలో గొడుగు మడిచి నా వెనుక పెట్టుకున్నాను, అది మర్యాద అనుకుని. నాయన నీకిచ్చిన పనిని నేను ఏనాడూ కోరలేదు. ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదివించుకో.

ఇక ఇరవై రెండు. నేను రాలేను. ఇరవై మూడున ఆమె రెండవ కంటికి ఆపరేషను. ఆ తరువాత ఐదు రోజులు చుక్కలు తప్పకూడదు. ఇరవై ఎనిమిదిన నా విమానం. హైదరాబాదు, భద్రాచలం, కోంట, భేజ్జి అన్నీ దాటి ఊరు చేరేసరికి ముప్ఫై ఒకటి. టికెట్టు మార్చుకుని వెళ్ళిపొమ్మని లూద్మిలాయే అంది. "నీ అన్న పిలుస్తున్నాడు, యర్మిలా నా కంట్లో చుక్కలు వేస్తుంది" అంది. శ్మశానంలో మాట పడ్డ నాటి నుంచి యర్మిలా ఈ గడప తొక్కలేదని నాకు తెలుసు. "మీ చుక్కల కోసమే వచ్చాను, వేసే వెళతాను" అన్నాను. ఆమె తిట్టింది. నేను కూర్చునే ఉన్నాను.

ఈ కొత్తలో కూర్చోవాలని నాకు లేదనుకుంటున్నావా? ఊరు విడిచినప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మళ్ళీ ఆ మట్టి మీద ఆకు ముందు కూర్చోవడం కంటే నాకు కావలసింది ఈ భూమి మీద ఏదీ లేదు. అయినా, ఒకరి కంటిని మధ్యలో వదిలి, అబద్ధపు కోడి ఒకటి చేతిలో పట్టుకుని వచ్చి కూర్చుంటే ఆ మెతుకు నా గొంతు దిగదు. కూర్చుంటే నిటారుగా కూర్చుంటాను. లేకపోతే కూర్చోను.

బండికి ఈ ఉత్తరం గట్టిగానే చదివి వినిపించు, మంగీ. ఈసారి వెనుక నుంచి కాదు, ముందు నిలబెట్టి. ముప్ఫై ఒకటిన పొలిమేరకు వస్తాను. ఒకే కోడి తెస్తాను. ఊరు నన్ను లోపలికి రానివ్వకపోతే పొలిమేరలోనే మూడు రాళ్ళు పెట్టుకుని రేషను బియ్యం వండుకుంటాను. ఆ పొగ ఊళ్ళోకి వస్తుంది. దానికి దండుగ ఎంతో పెద్దలు ముందే నిర్ణయించి ఉంచవచ్చు.

నీవు బాధపడతావని తెలుసు. నా మాట ఇదే.

జోగ

*

మద్దిగూడెం,
24 అక్టోబరు

చినమామా,

నీ ఉత్తరం, దాని ముందటిది, రెండూ బండి మామను ముందు నిలబెట్టే చదివిన. పెద్దలు ఏడుగురున్నరు. గంజి మాట కాడ ఆయన తల పక్కకు తిప్పుకున్నడు. అయినా, "దినం మారది" అనే పోయిండు.

మొన్న బుధవారం పొద్దుగాల్నే డోలు వాళ్ళొచ్చిన్రు. ఆడోళ్ళు వాకిళ్ళు అలికిన్రు. మామ కొడవలి పట్టుకుని మడికి పోయి మొదటి కంకి కొయ్యాలె, అది తెస్తేనే కొత్త. మామ మంచం మీద దుప్పటి కప్పుకుని పండుకున్నడు. బండి మామ వాకిట్ల నిలబడి పిలిచిండు.

"పూజారీ, పొద్దెక్కింది. జరమొచ్చిందా?"

"రాలె."

"మరి లెవ్వు."

"నా తమ్ముడు గూడ రాలె."

"తప్పు చేసినోని కోసం ఊరు ఆగుతదా?"

మామ దుప్పటి తీసి లేచి కూసున్నడు. "పంతొమ్మిదేండ్లు ఆగింది. ఇంకో తొమ్మిది దినాలు ఆగదా?"

"అక్కడ చిలుకలు తింటున్నయి కంకులు!"

"చిలుకలకు కొత్త లేదు. తిననీ."

"ఇంకో పూజారిని తెచ్చుకుంటం."

"తెచ్చుకో. ఈ ఊళ్ళె పోయిన మనోళ్ళను ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచేటోడు ఎవడున్నడో ఎతికి తెచ్చుకో. నేను పండుకుంట."

మళ్ళ దుప్పటి కప్పుకున్నడు. డోలు వాళ్ళు మధ్యాహ్నం దాక కూసుని పోయిన్రు. ఆ రాత్రి అన్ని ఇండ్లల్ల రేషను బియ్యమే ఉడికినయి. మేం గూడ అదే తిన్నం. బండి మామ ఇంట్ల గూడ అదే, నేను చూసిన.

ఇగ మామ చెప్తుండు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్న:

జోగా, గొడుగు మాట నమ్మిన. నీ వాక్యం రెండుసార్లు చదివించుకున్న, మూడోసారి నేనే అడిగి చదివించుకున్న.

రెండో కోడి గురించి నీ తరఫున నేను నోరు తెరవలె, తెరువను గూడ. బండి అడుగుతనే ఉన్నడు. పెద్దల్ల ముగ్గురు నీ దిక్కు, నలుగురు వాని దిక్కు. నువ్వు వచ్చి వాళ్ళ ముందర నిలబడి చెప్పుకోవాలె. వాళ్ళు ఒప్పుకుంటరని నేను మాటియ్య. ఒప్పుకోకుంటె ఏం చేస్తనో గూడ ఇప్పుడే చెప్ప.

పొలిమేరల రాళ్ళు పెట్టుడు, పొగ పంపుడు, గవన్ని వద్దు. సక్కగ ఇంటికి రా. ఆమె కంట్ల చుక్కలు ఐదు దినాలంటె ఐదు దినాలు వెయ్యి. ఒక్క పూట గూడ తగ్గించకు. భీమ కాలు మంచిగ నడుస్తుందని చెప్పు.

చిక్కుడు, వడ్లు రెండు కొత్తలూ ఒక్క దినమే చేస్త. నువ్వు వచ్చేదాక ఈ ఊళ్ళె ఎవ్వడూ కొత్త తినడు. నేనూ తిన.

భీమ